ఆఫీసు వాళ్ళతో సరదాగా అథ్లెటిక్స్ పెట్టుకోవాలంటే ఏ ఈవెంట్లు బాగుంటాయి?

ఎప్పుడూ క్రికెట్టేనా, ఈసారి పరుగులు, జంపులు, త్రోలు పెట్టుకుందాం అనుకుంటున్నాం, కానీ ఇరవై మందిలో ఒక్కరికీ అనుభవం లేదు, ఏవి పెట్టాలి అని అడిగారు. మేం హైదరాబాద్‌లో ఒక కాలేజీ మట్టి గ్రౌండ్ అడిగి తీసుకుని, సున్నంతో గీతలు గీయించుకుని ప్రతి చలికాలం పెట్టుకుంటున్నాం. నా మాట వింటే వంద మీటర్ల పరుగు లిస్టులోంచి కొట్టేయండి. షాట్‌పుట్, లాంగ్‌జంప్, రిలే, ఈ మూడు చాలు, పూట గడిచిపోతుంది.

అందరూ ముందు అడిగేది వంద మీటర్లే, స్కూల్లో పరిగెత్తిన ధీమా మరి. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి ఉన్నట్టుండి ఫుల్ స్పీడ్ అందుకుంటే ముందు దెబ్బ తినేది తొడ వెనక కండరం. కాలు ముందుకు చాచి నేలకు ఆనించబోయే క్షణంలో ఆ కండరం ఒకవైపు సాగుతూనే ఇంకోవైపు కాలికి బ్రేకు వెయ్యాలి, అలవాటు లేకపోతే అక్కడే పట్టేస్తుంది. మా టెస్టింగ్ టీమ్ కుర్రాడొకడు, జిమ్‌కి వెళ్ళేవాడే, సగం దాటాక తొడ పట్టుకుని కూలబడ్డాడు, తర్వాత చాలా రోజులు మెట్లెక్కలేకపోయాడు. పైగా పావు నిమిషంలో పరుగు అయిపోతుంది, గెలిచే ముగ్గురెవరో ముందే అందరికీ తెలుసు, మిగతావాళ్ళం చప్పట్లు కొట్టే బ్యాచ్.

షాట్‌పుట్ అలా కాదు. మగవాళ్ళ అసలు గుండు 7.26 కిలోలు, దాని జోలికి పోకండి. ఆడవాళ్ళకు వాడే 4 కిలోల గుండు ఒకటి, అండర్-18 అబ్బాయిలు వాడే 5 కిలోలది ఒకటి కొంటే అందరికీ సరిపోతాయి. దీన్ని విసరకూడదు, తొయ్యాలి. గుండును వేళ్ళ మొదళ్ళ మీద పెట్టుకుని మెడకు ఆనించి, మోచెయ్యి పక్కకు పైకెత్తి, మోకాళ్ళు వంచి, కాళ్ళలోంచి లేస్తూ ముందుకు తోసెయ్యాలి. క్రికెట్ ఆడేవాళ్ళతోనే చిక్కు, ఎంత చెప్పినా బౌండరీ దగ్గర్నుంచి బంతి విసిరినట్టు చెయ్యి వెనక్కి తీసుకెళ్తారు, అది భుజానికి చాలా ప్రమాదం, అలా వేస్తే ఫౌల్ అని ముందే చెప్పేయండి. మా దగ్గర అకౌంట్స్ మేడమ్ ఒకావిడ, యాభై దాటాయి, చున్నీ నడుముకు బిగించి, ఎలా చెప్తే అలా నిలబడి, మెడ దగ్గర్నుంచి ఒక్క తోపు తోశారు, అదే 4 కిలోల గుండుతో అప్పటిదాకా వేసిన మగవాళ్ళలో సగం మంది గుర్తులు దాటి పడింది. ఆ తర్వాత ఒక గంటసేపు ఎవరూ ఆ సర్కిల్ వదల్లేదు. సర్కిల్ అంటే 2.135 మీటర్ల అడ్డకొలత, తాడూ మేకూ ఉంటే గీసేయొచ్చు.

లాంగ్‌జంప్‌కి ముందురోజే పారతో ఇసుక తవ్వించండి, రాళ్ళు, గాజుపెంకులు ఏరించండి (పిల్లులు ఆ గుంతని దేనికి వాడుకుంటాయో మీకు తెలుసు). పది అంగల పరుగు చాలు, దూరం నుంచి ఉరికొస్తే చివర్లో కాలు ఎక్కడ వెయ్యాలో తెలీదు. దూకేముందు కాలు వెయ్యాల్సిన 20 సెంటీమీటర్ల పలక మీద కొత్తవాళ్ళకు కాలు పడదు, అందరివీ ఫౌల్సే అవుతాయి, అందుకని కాలు లేచిన చోటు నుంచే కొలవండి. పడిన చోట మాత్రం అసలు రూలే పెట్టండి, ఇసుకలో పలకకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న గుర్తుకే కొలత. అందరూ దూకి వెనక్కి చేతులాన్చి కూలబడతారు, ఆ చేతి గుర్తుకే టేపు పెడితే జరిగే గొడవ చూడాలి.

రిలేకి నలుగురు నలుగురు, తలా యాభై మీటర్లు, స్పీడ్ కన్నా అందించుకోవడమే ఆట. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా మగ, ఆడ జట్లు రెండూ 4×100 రిలే తొలి రౌండ్‌లోనే చేతులు మార్చుకునే కర్ర, అదే బ్యాటన్, జారవిడుచుకున్నాయి, ఇక మనమెంత. బ్యాటన్ 28 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి, మేం ఇంట్లోంచి అప్పడాల కర్రలు తెచ్చుకున్నాం.

టైమ్ ఫోన్‌లో చూసుకోవచ్చు, కాకపోతే ఈల విని నొక్కొద్దు, శబ్దం వంద మీటర్లు రావడానికే దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. స్టార్టర్ చేతిరుమాలు కిందికి దించగానే చూసి నొక్కాలి.

జావెలిన్ ఎందుకు లేదని మీవాళ్ళు తప్పకుండా అడుగుతారు, టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు వేసినప్పట్నుంచీ అందరికీ అదే కోరిక. మొన లోహంది, బరువు 800 గ్రాములు, సెల్ఫీలు తీసుకుంటూ తిరిగే జనం మధ్య వద్దు. హర్డిల్స్ కూడా అంతే. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వాటి మీదుగా దూసుకెళ్ళి బంగారం గెలిచింది కదా అనిపిస్తుంది, ఆ 84 సెంటీమీటర్ల అడ్డం పక్కన ఒకసారి నిలబడితే సరదా తీరుతుంది.

ఇక అసలు కిటుకు చెప్తాను. మొదటిసారి ప్రైజులు దూరం లెక్కన ఇస్తే పదిమంది మధ్యలోనే ఆసక్తి పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు ఒకరు సలహా ఇచ్చారు, తలా రెండు ప్రాక్టీస్ ఛాన్సులు అయ్యాక నేను ఇంత దూరం వేస్తాను అని చిట్టీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి, రాసినదానికి ఎవరి త్రో దగ్గరగా ఉంటే వాళ్ళదే ప్రైజు. దాంతో మేనేజర్లు ఓడారు, బక్కపల్చని కొత్త కుర్రాళ్ళు గెలిచారు, టేపు పట్టుకున్న ప్రతిసారీ చుట్టూ గుంపే. కావాలని తక్కువ రాసి మెల్లగా వేసే తెలివిగాళ్ళు ఉంటారు, ప్రాక్టీస్‌లో వేసినదానికన్నా తక్కువ రాయకూడదని రూలు పెట్టండి.

డిసెంబర్, జనవరిలో పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించండి. ఇడ్లీలు చివర్లోనే తెప్పించండి, ముందే వస్తే రిలేకి మనిషి దొరకడు.