ఫేడర్లు వాటంతటవే కదులుతుంటే మావాడికి పనేముంటుంది?

రాజోలు వైపు నుంచి ఒక తండ్రి అడిగారు: "మాది కొబ్బరి వ్యవసాయమండి. మావాడు ఇంటర్ ఎంపీసీ అయ్యాక రెండేళ్లుగా మా ఊరి సౌండ్ సిస్టమ్ షాపతనితో తీర్థాలకీ, నాటకాలకీ తిరుగుతున్నాడు. ఈమధ్య వాళ్లు డిజిటల్ మిక్సర్ కొన్నారు. సంక్రాంతికి చూశాను, ఒక బటన్ నొక్కగానే దాని మీద ఒక్కో మైకు సౌండు పెంచి తగ్గించే మీటలు, అదే ఫేడర్లన్నీ, వాటంతటవే లేచి కదిలాయి. అంతా మిషనే చేసేస్తే రేపు వీడితో అవసరమేముంటుంది? మానిపించి బీటెక్‌లో చేర్పించమంటారా?"

మీరు చూసినదాన్ని సీన్ రీకాల్ అంటారండి. నాటకంలో రంగాన్ని సీను అంటాం కదా, మిక్సర్‌లోనూ అదే మాట. రిహార్సల్లో మీవాడు ఒక్కో రంగానికి ఎవరి మైకు ఎంత ఉండాలి, ఎవరిది మ్యూట్‌లో ఉండాలి, హార్మోనియం ఎంత, ఎకో ఎంత అని చెవితో సరిచూసుకుని దాన్ని ఒక సీన్‌గా సేవ్ చేస్తాడు. ఆ రంగం రాగానే బటన్ నొక్కుతాడు. ఫేడర్ల కింది చిన్న మోటార్లు వాటిని ఆ చోటికి లాక్కెళతాయి. బెరింజర్ ఎక్స్32లో ఇలాంటి సీన్లు 100 దాచుకోవచ్చు, యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలో 300. దాచడం వరకే మిషన్ పని. మీరు చూసిన ఆ కదలిక వెనక మీవాడు ముందురోజు రాత్రి కూర్చుని చేసిన పని ఉంది.

సీన్ ఎప్పుడు నొక్కాలన్నది ఇంకా పెద్ద విషయం. స్టూడియోలో ఫేడర్ ఆటోమేషన్ పాట నిడివిని పట్టుకుని నడుస్తుంది, ఫలానా సెకనుకి గొంతు పెంచు అంటే పెంచుతుంది. మన పద్యనాటకంలో అది సాగదు. పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో ఆ పూట ఆ నటుడికే తెలియదు. జనం "వన్స్ మోర్" అన్నారంటే పద్యం మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు వేలు బటన్ మీదే ఉంచి ఆగగలిగినవాడు కావాలి. అందుకు పద్యం తెలియాలి, ఆ నటుడి తీరు తెలియాలి.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు నాటకాలకు మైకులు పెట్టాను. పాలకొల్లు దగ్గర ఒక రాత్రి కృష్ణుడి పాత్రధారి కాలర్ మైకు చెమటకు తడిసి పోయింది. విరామంలో వేరే మైకు తగిలించాను. అది బలంగా ఉందని గెయిన్, అంటే మైకు నుంచి మిక్సర్‌లోకి వచ్చే సౌండును పెంచే మోతాదు, బాగా తగ్గించాను. తర్వాతి సీన్ నొక్కేసరికి మిక్సర్ రిహార్సల్ నాటి పాత గెయిన్‌నే తెచ్చిపెట్టింది. ఆయన పద్యం ఎత్తుకోగానే బాక్సులు కూతపెట్టాయి, ఆయన ఆగిపోయాడు. ఆ మైకు గెయిన్‌ని రీకాల్ సేఫ్‌లో, అంటే సీన్ మార్చకూడనివాటి జాబితాలో, పెట్టి ఉంటే సీన్ దాన్ని ముట్టుకునేదే కాదు. ఆ పెద్దాయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది. మీవాణ్ని అడగండి, రీకాల్ సేఫ్‌లో ఏమేం పెడుతున్నావురా అని. తడుముకోకుండా చెప్పాడంటే వాడు పని నేర్చుకుంటున్నట్టే.

షాపులోది ఎక్స్32 మిక్సర్ అయి, ఇంట్లో లాప్‌టాప్ ఉంటే ఎక్స్32 ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మిక్సర్ దగ్గర లేకపోయినా సీన్లు తయారుచేసుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లొచ్చు. మొదట్లో సీన్లు తక్కువ పెట్టుకోమనండి. ప్రతి డైలాగుకీ ఒకటి పెట్టుకున్న కుర్రాడు నటుడు ఒక్క మాట దాటేస్తే దారి తప్పుతాడు. మిక్సర్‌కి యూపీఎస్ తప్పనిసరి. జనరేటర్ మీదికి మారేటప్పుడు కరెంటు రెప్పపాటు పోయినా డిజిటల్ మిక్సర్ మళ్లీ మొదటినుంచి ఆన్ అవ్వాలి, అంతసేపూ స్టేజీ మూగబోతుంది.

చదువు సంగతి. బీటెక్ ఈసీఈ వాడికి ఇష్టమైతే మంచిదే, ఈ పని మాన్పించడానికే అయితే మాత్రం వద్దండి. కానీ డిగ్రీ ఏదో ఒకటి ఉండి తీరాలి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలోనూ, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ సౌండ్ పీజీ కోర్సులున్నాయి, వాటికి డిగ్రీ లేనిదే అర్హత లేదు. అమలాపురంలో డిగ్రీలో చేర్పించి, సీజన్లో షాపు పనికి పంపండి. ఆదాయం విషయంలో మీకు ఆశలు కల్పించను. సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా తీరికుండదు, ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు, వానలకి స్టేజీలూ ఉండవు. రెండేళ్లు తిరిగినవాడికి భోజనం పెట్టి పంపితే చాలదు, రోజుకింత అని షాపతనితో మీరే మాట్లాడండి.

ఇంకొక్కటి, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలకు మించి ఉండకూడదంటారు. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి తగ్గుతుంది. జాతరల్లో బాక్సుల పక్కన 100కి చేరితే 15 నిమిషాలే. వాడి బతుకు వాడి చెవుల మీదే ఆధారపడి ఉంది. ఈ వారమే ఒక జత ఇయర్ ప్లగ్స్ కొనివ్వండి.