అలీ నీడలో పడిపోయిన చాంపియన్ అంటే నా ఓటు జిమ్మీ ఎల్లిస్‌కే

మహమ్మద్ అలీ వల్ల పేరు రాకుండా పోయిన హెవీవెయిట్ చాంపియన్ ఎవరని అడిగారు. ఇక్కడ అందరూ జో ఫ్రేజియర్ పేరే రాశారు. ఫ్రేజియర్‌కు అన్యాయం జరిగిన మాట నిజమే. కానీ 1971లో ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలీని మొదటిసారి ఓడించినవాడిగా ఆయన పేరు చెరిగిపోదు, ఫిలడెల్ఫియాలో విగ్రహం కూడా ఉంది. అసలు మరుగున పడిపోయినవాడు జిమ్మీ ఎల్లిస్. ఆయన్ని మద్రాసులో కళ్లారా చూశాను.

1980లో అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో ఎగ్జిబిషన్ ఫైట్. ముఖ్యమంత్రి ఎంజీఆర్ కూడా వచ్చారు. మాది కొరుక్కుపేట, మా నాయన హార్బర్‌లో పని. ఉత్తర మద్రాసులో బాక్సింగంటే ప్రాణం పెడతారు. సార్పట్టా, ఇడియప్ప నాయకన్ అంటూ పరంబరైల (బాక్సింగ్ జట్ల) పేరుతో తరాల తరబడి పోటీపడిన పేటలవి. సూళ్లూరుపేట నుంచి వచ్చిన మా నాయనకు కూడా ఆ పిచ్చి అంటుకుంది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు.

జనం గొంతు చించుకుని "అలీ, అలీ" అని అరుస్తున్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు నా చుట్టుపక్కల ఒక్కరి నోటా రాలేదు. పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకును ఎవరు పట్టించుకుంటారు, అలా ఉంది. మా నాయన నా కాలు తట్టి, "అలీని అందరూ చూస్తున్నార్రా, నువ్వు ఆ రెండో ఆయన కాళ్లు చూడు. ఆయన కూడా వరల్డ్ చాంపియనే" అన్నాడు. చూశాను. నలభై దగ్గరపడిన మనిషి, అప్పటికే ఒక కంటి చూపు దెబ్బతిని ఆట మానేసినవాడు. అయినా అడుగు ఎక్కడ వేయాలో అక్కడే వేస్తున్నాడు. అలీ కబుర్లకు, నవ్వులకు చోటిస్తూ, తన పని తాను చేసుకుపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూడా అందరూ అలీ గురించే.

ఎల్లిస్‌దీ అలీ ఊరే, లూయివిల్. అమెచ్యూర్‌లుగా రెండుసార్లు తలపడితే చెరొకటి గెలిచారు. తర్వాత ఏళ్ల తరబడి అలీకి స్పారింగ్ పార్ట్‌నర్, అంటే ప్రాక్టీసులో ఎదుట నిలబడి ఆడేవాడు. నిజానికి ఎల్లిస్ మిడిల్‌వెయిట్‌గా మొదలైనవాడు, హెవీవెయిట్‌లలో చిన్న మనిషి. 1967లో సైన్యంలో చేరనన్నందుకు అలీ టైటిల్ లాగేసుకున్నారు. వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ ఎనిమిదిమందితో టోర్నమెంట్ పెట్టింది. ఫ్రేజియర్ అందులోకి రాలేదు. ఎల్లిస్ వచ్చి లియోటిస్ మార్టిన్‌ను రౌండ్లన్నీ అవకముందే ఓడించాడు, ఆస్కార్ బోనవేనాను రెండుసార్లు కింద పడేశాడు, 1968 ఏప్రిల్‌లో ఓక్లాండ్‌లో జెర్రీ క్వారీ మీద 15 రౌండ్లు ఆడి టైటిల్ గెలిచాడు. దీన్ని ఖాళీ కుర్చీలో కూర్చోవడం అనేవాళ్లకు బాక్సింగ్ తెలియదనే అంటాను. ఆ తర్వాత స్టాక్‌హోమ్‌లో ముక్కు విరిగినా ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌తో 15 రౌండ్లూ నిలబడ్డాడు. ఎల్లిస్‌దే గెలుపన్న ఆ తీర్పు మీద గొడవ జరిగింది, సరే. ముక్కు విరిగాక నిలబడి చూపించమనండి ఎవరినైనా.

1970లో ఫ్రేజియర్ చేతిలో ఓడిపోయాడు, నాలుగు రౌండ్ల తర్వాత కార్నరే (ఆయన వెనకుండే ట్రైనర్ బృందమే) ఆపేసింది. అంతే, లోకం మర్చిపోయింది.

మా పేటలో ఇప్పుడు జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఫోన్‌లో అలీ క్లిప్పులు చూసి రెండు చేతులూ కిందికి వదిలేసి డాన్స్ చేస్తారు. అలీ చేతులు దించాడంటే ఆయన కళ్లు, ఆయన వేగం వేరు. మామూలు మనిషి నేర్చుకోవాల్సింది ఎల్లిస్ దగ్గర. గార్డ్ (ముఖానికి అడ్డంగా చేతులు) ఎత్తి పట్టుకోవడం, అదను చూసి కుడిచేత్తో కొట్టడం. కోచ్‌లు కూడా గోడ మీద అలీ పోస్టర్ అంటించి ఊరుకుంటారు, క్వారీ ఫైట్ ఒక్కసారి చూపించరు.

ఎల్లిస్ విలువ తెలిసినవాడు ఏంజెలో డండీ. అలీకీ, ఎల్లిస్‌కూ ఆయనే ట్రైనర్, ఎల్లిస్‌కు మేనేజర్ కూడా. 1971 జులైలో హ్యూస్టన్‌లో ఆ ఇద్దరూ తలపడినప్పుడు డండీ నిలబడింది ఎల్లిస్ కార్నర్‌లో. పన్నెండో రౌండ్‌లో అలీయే గెలిచాడు. అయినా ఆ రాత్రి అలీ ఎదుట ఎల్లిస్‌కు సలహాలిచ్చింది అలీని తయారుచేసిన మనిషే.