పాటిమన్ను పొలాలకు తోలేముందు

ప్రశ్న: మా ఊరు ఆమదాలవలస దగ్గర. చెరువు పక్కన పాత దిబ్బ ఒకటుంది, మట్టి బూడిదరంగులో మెత్తగా ఉంటుంది, తవ్వితే కుండపెంకులు, ఎముక ముక్కలు వస్తాయి. పాటిమన్ను చేలకు బలమని ట్రాక్టర్లతో తోలేస్తున్నారు. విగ్రహమో శాసనమో దొరక్కుండా ఒట్టి మట్టిని చూసి పాతకాలం సంగతులు చెప్పగలరా?

జవాబు: చెప్పగలరండీ. విగ్రహాన్ని ఎక్కడినుంచో తెచ్చి పెట్టి ఉండొచ్చు, పొయ్యి కింద కాలి ఎర్రబడ్డ నేల మాత్రం అక్కడిదే.

బలం అన్నమాట నిజమే. తరతరాలు జనం బతికినచోట బూడిద, పేడ, ఎముకలు, తిని పారేసినవి అన్నీ నేలలో కలుస్తాయి. వాటిలోని ఫాస్ఫరస్ నత్రజనిలా తొందరగా పోదు, మట్టిరేణువులను పట్టుకుని వందలు, వేల ఏళ్లు ఉండిపోతుంది. 1920ల చివర్లో స్వీడన్‌లో ఒలోఫ్ అరీనియస్ అనే ఆయన చక్కెరదుంప సాగు కోసం నేలలు పరీక్షిస్తూ, ఫాస్ఫేట్ బాగా ఉన్నచోట ఒకప్పుడు ఊళ్లుండేవని గమనించాడు. అంటే మీ చేనుకు బలమిచ్చేదే అక్కడ ఊరుందనడానికి సాక్ష్యం కూడా.

అసలు సంగతి పొరల్లో ఉంటుంది. గుడిసె రాట కుళ్లిపోయినా పాతిన గుంతలో మట్టి నల్లగా గుండ్రంగా కనిపిస్తుంది, అలాంటి మచ్చలు వరసగా దొరికితే ఇల్లు ఎంతుండేదో గీయొచ్చు. ఒక్కో పొర మట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి, ఏం పండించారో, ఏం తిన్నారో అవే చెబుతాయి. మన మెట్టల ఎర్రనేలల్లో పులుపు (ఆమ్లగుణం) ఎక్కువ ఉన్నచోట ఎముక నిలవదు, మీ దిబ్బలో మిగిలాయంటే బూడిద ఆ పులుపును తగ్గించి ఉండొచ్చు. జేసీబీ బకెట్ ఒక్కసారి దిగితే ఈ వరస అంతా కలిసిపోతుంది. ఆ తర్వాత పెంకులు ఏరి దాచుకున్నా అవి ఏ పొరవో ఎవరూ చెప్పలేరు.

వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధస్థలాన్ని 1919లో గిడుగు రామమూర్తి గారు గుర్తించారు. వెళ్లినవాళ్లంతా ఇటుకల స్తూపాల దగ్గర సెల్ఫీలు దిగుతారు గానీ, కోసిన గట్టు కనిపిస్తే దాని పొరల వంక చూసేవాళ్లు తక్కువ.

తోలకం ఆపించడం మీ ఒక్కరివల్ల కాకపోవచ్చు. కోసిన గట్టు ఫొటోలు, పక్కన స్కేలో పలుగో పెట్టి తీయండి, తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాసి పంపండి. నాణేలు దొరికితే తోమొద్దు. పది రూపాయలకు మించిన విలువైనది నేలలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధి చట్టం చెబుతుంది (పది రూపాయలకి ఇప్పుడు టీ కూడా గట్టిగా రాదు, చట్టంలో మాత్రం అదే లెక్క).

ప్రశ్న: బొగ్గుముక్క దొరక్కపోతే మట్టికి వయసు కట్టలేరా? (విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: కట్టొచ్చమ్మా. బొగ్గుకైతే అందులో మిగిలిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ను కొలుస్తారు, అది 5,730 ఏళ్లకు సగమవుతుంది. మట్టికి వేరే దారి. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువులు చీకట్లో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న రేడియోధార్మికత నుంచి కొంత శక్తిని కూడగట్టుకుంటాయి, ఎండ తగిలితే అది ఖాళీ అవుతుంది. దాన్ని కొలిస్తే ఆ రేణువు చివరిసారి వెలుగు చూసి ఎన్నేళ్లయిందో తేలుతుంది. అందుకే గట్టులోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా మూసి తీసుకెళతారు. తవ్వి కుప్పపోసి ఎండబెట్టిన మట్టిని తీసుకెళ్లి అడిగితే పాత లెక్క ఏ ల్యాబూ చెప్పలేదు.