గర్భసంచి ఆపరేషన్ తర్వాత నొప్పి: ఓర్చుకోమనకండి, చెప్పమనండి

మీ అమ్మగారికి వచ్చే వారం పొట్ట కోసి గర్భసంచి తీస్తున్నారు, నొప్పి ఎన్నాళ్లుంటుంది, నొప్పి మందులు వాడితే కుట్లు మానవని చుట్టాలంటున్నారు నిజమేనా అని అడిగారు కదా. నాకు రెండేళ్ల కిందట, 47 ఏళ్లప్పుడు, ఇదే ఆపరేషన్ అయింది. గడ్డలు పెద్దవి కావడంతో పొట్ట కోసే తీశారు. నేను డాక్టర్ని కాదు, ఆ నొప్పి పడ్డదాన్ని కాబట్టి చెప్తున్నాను.

వెన్నులో ఇచ్చిన మత్తు ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. సాయంత్రం మా అక్కకి ఫోన్‌లో "అబ్బే, ఏం నొప్పి లేదే" అని కూడా చెప్పాను. మత్తు పూర్తిగా దిగాక, రాత్రి మొదలైంది. పొత్తికడుపంతా పిడికిట్లో పట్టి మెలిపెడుతున్నట్టు. సిస్టర్ వచ్చి "పదికి ఎంతుందమ్మా నొప్పి?" అంటే నాలుగు అన్నాను. కదలకుండా పడుకుంటే నిజంగా నాలుగే. పైగా అర్ధరాత్రి ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టడం ఎందుకులే, పక్క మంచంలో ఆవిడ మూలగడం లేదు కదా, నేను మాత్రం ఓర్చుకోలేనా అనుకున్నాను.

తెల్లారి ఊపిరి పీల్చే డబ్బా ఇచ్చారు, లోపల మూడు రంగుల బంతులుంటాయి చూడండి, అది. పీలిస్తే ఒక్క బంతి సగం దాకా లేచి పడిపోయింది. గొంతులో కఫం గరగరమంటోంది, దగ్గబోతే కుట్టు దగ్గర ప్రాణం పోయినంత పనయ్యి దగ్గు మింగేశాను. రౌండ్స్‌కొచ్చిన మత్తు డాక్టరు గారు అది చూసి, "పడుకున్నప్పటి నొప్పి కాదమ్మా, దగ్గితే ఎంత?" అన్నారు. ఎనిమిది. "మరి అదే చెప్పాలి మాకు" అని ఇంజక్షన్ రాశారు. కాసేపటికి దిండు పొట్టకి అదిమిపెట్టుకుని దగ్గితే కఫం వచ్చేసింది, రెండు బంతులు పైదాకా లేచాయి.

మీ అమ్మగారికి ఈ ఒక్కటి తప్పకుండా చెప్పండి. నొప్పి తగ్గించేది హాయిగా పడుకోవడానికే కాదు, దగ్గడానికి, లేవడానికి, నడవడానికి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే కఫం పేరుకుని న్యుమోనియా దాకా పోవచ్చు, మంచం దిగకపోతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మన ఆడవాళ్లకి ఓర్పు గొప్ప అని నేర్పి పెట్టారు, ఆపరేషన్ తర్వాత ఆ ఓర్పే చేటు చేస్తుంది.

ఇక మందులు. డాక్టరు రాసిన మోతాదులో వేసుకుంటే కుట్లు మానవు అనేది వట్టి మాట. మొదటి కొన్ని రోజులు నొప్పి ముదిరాక కాకుండా, రాసిచ్చిన టైముకి వేసుకోవాలి, ముదిరాక అదే మాత్ర అంత త్వరగా పట్టదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు అందరికీ పడవు, కిడ్నీ జబ్బు, అల్సర్, ఆస్తమా, గుండె జబ్బు, బీపీ ఏది ఉన్నా ముందే చెప్పాలి. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు నాకు కళ్లు తిరిగేలా చేసింది, మలబద్ధకం కూడా వచ్చింది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది కాబట్టి విరోచనం సాఫీగా అవ్వడానికి మందు అడిగి తీసుకున్నాను. ఇంకో విషయం, ట్రమడాల్‌తో కలిపి వచ్చే చాలా మాత్రల్లో పారాసిటమాల్ ఉంటుంది. అది తెలియక మా ఇంట్లో దాని మీద డోలో కూడా ఇవ్వబోయారు, అదీ పారాసిటమాలే. పారాసిటమాల్ ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది, స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి.

మూడో రోజు కుట్ల నొప్పి కంటే గ్యాస్ నొప్పి ఎక్కువ ఏడిపించింది. పేగులు మళ్లీ కదిలేదాకా పొట్ట డప్పులా ఉంటుంది. వరండాలో గోడ పట్టుకుని నాలుగడుగులు, నాలుగడుగులుగా తిరిగాను, గ్యాస్ పోయాక సగం నొప్పి పోయింది. మంచం మీంచి నేరుగా లేవనివ్వకండి, పక్కకి దొర్లి, కాళ్లు కిందికి వదిలి, చేత్తో మంచాన్ని నొక్కుకుని లేవాలి. నాకు గట్టి మాత్రలు ఆరో రోజుకి ఆగిపోయాయి, రెండు వారాల దాకా పారాసిటమాల్ అప్పుడప్పుడు వేసుకున్నాను, ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తలేదు. అందరికీ ఇలాగే ఉండదు, మా వదినకి ఇంకో పది రోజులు ఎక్కువ పట్టింది.

పప్పు తింటే చీము పడుతుందని కూడా అంటారు, నాకు వారం రోజులు చారన్నమే పెట్టారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, డాక్టరు తినమన్నాక పప్పు, గుడ్డు పెట్టండి.

రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరిగినా, జ్వరం, కుట్టు దగ్గర ఎర్రదనం, చీము ఉన్నా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఆయాసం వస్తే వెంటనే తీసుకెళ్లిపోండి. కుట్టు కింద చర్మం మొద్దుబారడం మామూలే, నాకు బెత్తెడు మేర ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. మూడు నెలలు దాటినా నొప్పి అలాగే ఉంటే మాత్రం అది వేరే సంగతి, దానికి మళ్లీ చూపించుకోవాలి.

ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు చూడటానికి వస్తారు. అమ్మగారు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, "మత్తు దిగాక రాత్రికి నొప్పికి ఏమిస్తారు, సరిపోకపోతే ఎవరిని పిలవాలి" అని ఆయన్నే అడగండి.