టెక్ సందేహాలు: ఏసీ లేని గదిలో గేమింగ్ పీసీ, ఏ క్యాబినెట్ మంచిది?

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను, మాది విజయవాడ. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డుతో పీసీ అసెంబుల్ చేయించుకోవాలనుకుంటున్నా. ముందు, పక్కన అద్దాలు, రంగుల లైట్లు ఉన్న క్యాబినెట్ నచ్చింది. షాపువాళ్లు దాంతోపాటే ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై) కూడా ఇస్తామంటున్నారు. నా గదిలో ఏసీ లేదు. తీసుకోవచ్చా?

జవాబు: ఏసీ లేదని రాసి మంచి పని చేశారు. మీ విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. ఫ్యాన్‌తో చల్లబడే ఏ భాగమూ గదిలోని గాలి కంటే చల్లగా ఉండలేదు. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మీ ప్రాసెసర్‌కు హద్దు 95 డిగ్రీలు. అక్కడికి చేరితే అది పాడైపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. బెజవాడ ఎండాకాలం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ముందు భాగం మొత్తం అద్దంతో మూసేసి, అంచుల్లో సన్నటి సందులు మాత్రమే వదిలిన క్యాబినెట్ మీకు వద్దు. కొన్ని అద్దాల మోడళ్లలో కింది నుంచీ పక్క నుంచీ గాలి లాగే ఫ్యాన్లు ఉంటాయి, అవి ఫర్వాలేదు. కానీ ఆ ఫ్యాన్లు విడిగా కొనాల్సి వస్తే ఖర్చు పెరుగుతుంది. ముందు జాలీ ఉన్నది, ముందువైపు రెండు, వెనక ఒకటి ఫ్యాన్లతో వచ్చేది తీసుకోండి. పక్క అద్దం ఉండనివ్వండి, దానివల్ల నష్టం లేదు. జాలీ వెనక తీసి కడుక్కోగల ఫిల్టర్ ఉందో లేదో కూడా చూడండి. మన దుమ్ముకు అది చాలా అవసరం.

కొనేముందు కొలతలు చూసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు పొడవు మోడల్‌ను బట్టి మారుతుంది. క్యాబినెట్‌లో ఎన్ని మిల్లీమీటర్ల కార్డు పడుతుందో దాని వివరాల్లో ఉంటుంది. అయితే ముందువైపు లిక్విడ్ కూలర్ (ద్రవంతో ప్రాసెసర్‌ను చల్లబరిచేది) రేడియేటర్ బిగిస్తే ఫ్యాన్‌తో కలిపి అందులో సుమారు 50 మి.మీ. పోతుంది. మీకు లిక్విడ్ కూలర్ అవసరమే లేదు. ప్రాసెసర్ మీద నిలువుగా బిగించే, 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ చాలు. దాని ఎత్తు 155-160 మి.మీ. ఉంటుంది కాబట్టి అది క్యాబినెట్‌లో పడుతుందో లేదో సరిచూసుకోండి.

ఇక క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్. దయచేసి తీసుకోవద్దు. ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. మా బంధువులబ్బాయి పీసీలో అలా ఉచితంగా వచ్చినది ఏడాది తిరక్కముందే పేలింది. పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. వాళ్ల నాన్న మళ్లీ డబ్బు కూడబెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఆర్‌టీఎక్స్ 5060 వాడే కరెంటు 145 వాట్లే. దాని చిప్ తయారుచేసే ఎన్‌విడియా మొత్తం పీసీకి సూచించే ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది. పేరున్న కంపెనీ నుంచి 550 లేదా 650 వాట్లది, అయిదేళ్ల వారంటీతో దొరికేది చూడండి. ప్లగ్ పెట్టే సాకెట్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి.

ఈ ప్రాసెసర్‌కు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పనిచేస్తుంది. పాత పీసీలోని డీడీఆర్4 పనికిరాదు. రెండు స్టిక్‌లు కొంటే, మదర్‌బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టించండి. తర్వాత బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకోగల మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగును ఆన్ చేయాలి. లేకపోతే 6000 వేగం ర్యామ్ కొన్నా 4800 దగ్గరే నడుస్తుంది. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. చాలామంది ఇక్కడే పొరబడి, కార్డు పనిచేయడం లేదని టెన్షన్ పడతారు.

ప్రశ్న: పాత క్యాబినెట్‌కు రెండు కొత్త ఫ్యాన్లు కొన్నాను. గాలి ఎటు నుంచి ఎటు పోతుందో ఎలా తెలుసుకోవాలి? – కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫ్యాన్ మధ్యలోని మోటారును పట్టుకుని కొన్ని ప్లాస్టిక్ కమ్మీలు ఒక వైపే ఉంటాయి. గాలి ఆ వైపుకే బయటికొస్తుంది. ముందు పెట్టే ఫ్యాన్‌కు కమ్మీలు లోపలికి, వెనక పెట్టేదానికి బయటికి ఉండాలి. బిగించాక పీసీ ఆన్ చేసి, ముందు జాలీ దగ్గర సన్నటి కాగితం ముక్క పట్టుకోండి. అది జాలీకి అతుక్కుంటే సరిగ్గా బిగించినట్టే.