చివరి బిల్లు నంబరెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్యాకప్ గురించే. అందుకని ప్రింటర్ల గొడవ, వైఫై గొడవ వచ్చే నెలకు వాయిదా వేసి ఈ శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. ప్రింటర్లవాళ్లు కోప్పడకండి.

ప్రశ్న: మా రైస్ మిల్లులో ఒక సర్వరు, 8 సిస్టములు ఉన్నాయి. లెక్కలు టాలీలో రాస్తాం, కాటా దగ్గర బిల్లింగుకు వేరే సాఫ్ట్‌వేర్ ఉంది. సర్వర్‌కు 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. రోజూ రాత్రి 11కి డేటా అందులోకి కాపీ అవుతుంది. పోయిన నెల పక్క మిల్లులో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్, రాన్సమ్‌వేర్ పడింది. వాళ్లదీ ఇదే ఏర్పాటు. సర్వర్‌తో పాటు డిస్క్ కూడా పోయింది. మేం ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనాలి? (మిల్లు యజమాని, మిర్యాలగూడ)

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు ఇవాళ రాత్రి కాపీ అయ్యాక ఆ డిస్క్ కేబుల్ పీకి, డిస్క్ ఇంటికి పట్టుకెళ్లండి. రేపు ఇంకో డిస్క్ కొనండి. రెండూ రోజు మార్చి రోజు తగిలించండి. ఎప్పుడు చూసినా ఒకటి మిల్లులో, ఒకటి ఇంట్లో ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఒక డిస్క్ ధర, గుమాస్తాకు ఒక అలవాటు.

రాన్సమ్‌వేర్ గుడినీ, గుడిలో లింగాన్నీ మింగే రకం. సర్వర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా దూరిందంటే ఆ సర్వర్‌కు కనబడే ప్రతి డ్రైవూ దానికీ కనబడుతుంది. మీ ఇ డ్రైవ్ దానికీ ఇ డ్రైవే. విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలనైతే చాలా రకాలు మొట్టమొదటే ఒక్క కమాండ్‌తో చెరిపేస్తాయి. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని పాలయ్యాయి. మిల్లులు దాని కంటికి ఆనవు అనుకోవద్దు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. ఆడిటర్ గారు ఇంటి నుంచి టాలీ చూసుకోవాలని ఎవరైనా మీ రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌కు నేరుగా దారి తెరిచి పెట్టారా? మీ కంప్యూటర్ అబ్బాయిని 3389 పోర్టు గురించి అడగండి. తెరిచి ఉందంటే ఇవాళే మూయించి, వీపీఎన్ (తాళమున్న ప్రత్యేక దారి) పెట్టించండి. నేను చూసిన కేసుల్లో దొంగ ఎక్కువగా వచ్చింది ఆ తలుపులోంచే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఇంత చిన్న నెట్‌వర్క్‌కు లక్షలు పోసి కొనాల్సిన పని లేదు. వీమ్‌లో కమ్యూనిటీ ఎడిషన్ అని ఒకటుంది, 10 మెషీన్ల దాకా ఉచితం. సర్వర్‌ను విండోస్‌తో సహా మొత్తంగా ఇమేజ్ తీసి పెడుతుంది. సర్వర్ కాలిపోయినా కొత్త పెట్టె తెచ్చి దాన్ని దింపుకోవచ్చు. కాస్త డబ్బు పెట్టగలిగితే సినాలజీ లాంటి నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) ఒకటి కొనండి. అందులో యాక్టివ్ బ్యాకప్ ఫర్ బిజినెస్ అనే ప్రోగ్రామ్ పెట్టెతోనే వస్తుంది, విడిగా లైసెన్స్ అక్కర్లేదు. అన్ని మోడళ్లలోనూ ఉండదు, డబ్బు కట్టే ముందే అడిగి చూసుకోండి. ఆ పెట్టెకు పెట్టే యూజర్ పేరు, పాస్‌వర్డ్ సర్వర్‌లో ఎక్కడా ఉండకూడదు. నాసే వచ్చి సర్వర్ నుంచి డేటా తీసుకెళ్లాలి తప్ప సర్వరే నాస్‌లోకి వెళ్లి రాసేలా ఉంటే మీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కథే మళ్లీ మొదటికొస్తుంది.

మీ కాటా సాఫ్ట్‌వేర్ వెనక బహుశా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ ఉంటుంది. చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి అదే. ఆ ఉచిత రకంలో వేళకు పని నడిపించే ఏజెంట్ ఉండదు. అంటే ఎవరో ఒకరు విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ప్రత్యేకంగా రాసి పెడితే తప్ప దాని బ్యాకప్ దానంతట నడవదు. నడుస్తున్న డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ కొట్టబోతే విండోస్ ఒప్పుకోదు, ఫైలు వాడకంలో ఉందంటుంది. మీ రాత్రి 11 గంటల కాపీ ఆ ఒక్క ఫైలునే వదిలేసి మిగతావన్నీ చక్కగా మోసుకెళుతోందేమో చూడండి. చూడమంటున్నది ఊరికే కాదు.

2011లో ఒక మందుల హోల్‌సేల్ డీలరు దగ్గర నేనే బ్యాకప్ పెట్టాను. రోజూ పొద్దున నాకు మెయిల్ వచ్చేది, పచ్చ టిక్కుతో. మధ్యలో బిల్లింగ్ కంపెనీ వాళ్లు వచ్చి వెర్షన్ మారుస్తూ డేటాను డి డ్రైవ్ నుంచి ఇ డ్రైవ్‌కు మార్చారు. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. 11 నెలలు ఆ పాత ఖాళీ కొంపకే నేను కాపలా కాశాను. డిస్క్ పోయిన రోజు మెయిళ్లన్నీ తిరగేస్తే అన్నిట్లోనూ సైజు 4.31 జీబీ. రోజూ బిల్లులు కొట్టే షాపులో 11 నెలలు ఆ అంకె ఒక్క చుక్క కదల్లేదు. నేను టిక్కు చూశానే గానీ దాని పక్కనున్న అంకె చూడలేదు. డీలరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలు ముందేసుకుని ఆయన తమ్ముడు, ఇద్దరు గుమాస్తాలు, నేను 19 రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించాం. తిట్టినా బాగుండేది.

నాలాంటి వాళ్లకు కాస్త ఊరట ఏమిటంటే పెద్దవాళ్లూ ఇలాగే పడ్డారు. గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరపడం మొదలుపెట్టాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర మిగిలింది. బ్యాకప్పుకు ఐదు రకాల ఏర్పాట్లున్నా అవసరానికి ఏదీ సరిగ్గా పనికి రాలేదు. ఒకదానిలో ప్రోగ్రామ్ వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లేమో దారిలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. వేరే పరీక్ష కోసం ఒకాయన ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల పని పోయింది. ఇదంతా వాళ్లే దాచకుండా రాసుకున్నారు, అందుకు మెచ్చుకోవాలి.

మీ మిల్లుకు నేను చెప్పే పరీక్ష ఇది. నెలకో ఆదివారం, పాత సిస్టమ్ ఒకటి నెట్‌వర్క్ కేబుల్ పీకి బల్ల మీద పెట్టండి. ఇంట్లో ఉన్న డిస్క్ తెచ్చి అందులోంచి టాలీ డేటా, కాటా డేటా దించి తెరవండి. బ్యాకప్ ఎప్పటిదో ఆ రోజు చివరి బిల్లు నంబరెంతో గుమాస్తాను పుస్తకంలోంచి చదవమనండి. తెర మీద అదే నంబరు, అదే మొత్తం, అదే లారీ నంబరు ఉండాలి. మొత్తం పనికి ఎంత సేపు పట్టిందో గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ కిందే రాసి పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఇది చేయనివాడికి బ్యాకప్ లేదనే నేను లెక్క వేస్తాను.

ప్రశ్న: మా ఆఫీసులో క్లయింట్ల ఫైళ్లన్నీ క్లౌడ్ డ్రైవ్‌లో ఎప్పటికప్పుడు సింక్ అయిపోతాయి. ఇంకా బ్యాకప్ దేనికండీ? (చార్టర్డ్ అకౌంటెంట్, రాజమహేంద్రవరం)

జవాబు: ఎప్పటికప్పుడు సింక్ అవుతుంది కాబట్టే, ఆడిటర్ గారూ. మీ ఆర్టికల్ కుర్రాడు ఒక ఫోల్డర్ చెరిపితే ఆ చెరపడం కూడా ఎప్పటికప్పుడే సింక్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. జూన్‌లో పోయిన ఫోల్డర్ కోసం మీరు సెప్టెంబర్‌లో కదా వెతికేది.

సింక్‌ను బ్యాకప్ అనుకుని ప్రపంచంలోనే పెద్ద ఓడల కంపెనీ ఒకటి ఎలా చిక్కుకుందో చెబుతాను. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ అనే ఆ కంపెనీ మీద పడింది. నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో గుర్తుపట్టే డొమైన్ కంట్రోలర్లు వాళ్లకు ప్రపంచమంతా కలిపి సుమారు 150. ఒకటి పోయినా మిగతావాటిలో ఉంటుంది కదా అని ఒకదానితో ఒకటి సింక్ పెట్టుకున్నారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ తలచలేదు. అన్నీ పోయాయి, ఘనాలో ఒక్కటి తప్ప. అక్కడ ఆ సమయానికి కరెంటు పోయి ఆ మెషీన్ ఆగిపోయి ఉంది! కరెంటు కోత వల్ల ఒక కంపెనీ బతికిన కథ నాకు తెలిసి ఇదొక్కటే. అక్కడి లైను సన్నం కావడంతో ఆ డేటా ఇంగ్లండుకు పంపాలంటే రోజులు పడుతుంది. మనిషికిచ్చి పంపుదామంటే ఘనా ఆఫీసులో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకరు డిస్క్ పట్టుకుని నైజీరియా దాకా విమానంలో వెళ్లి విమానాశ్రయంలో ఇంకొకరి చేతికిస్తే, ఆయన లండన్ చేర్చారు.

క్లౌడ్ డ్రైవ్ మానేయమనడం లేదు. దానికి వేరుగా వారానికోసారైనా, ఎవరూ చెరపలేని చోట ఒక కాపీ దించుకోండి. ఇక మీకు నేను చట్టం చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా మీ క్లయింట్లలో ప్రైవేట్ లిమిటెడ్ వాళ్లుంటే, పద్దుల బ్యాకప్ రోజూ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలన్న 2022 ఆగస్టు సవరణ వాళ్లకు ఒకసారి గుర్తు చేయండి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి పాత కాపీలు 30 రోజులకే చెరిగిపోయే సెట్టింగ్ మీకు పనికి రాదు. నెలాఖరు కాపీలు విడిగా దాచండి.

ప్రశ్న: మా కాలేజీ సర్వర్‌లో రెయిడ్ ఉంది. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది. చాలదా? (డిగ్రీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, కడప)

జవాబు: చాలదు. ఒక డిస్క్ చెడితే పని ఆగకుండా ఉండడానికే రెయిడ్. మార్కుల ఫైలు చెరిగితే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణాన చెరుగుతుంది. పైగా ఆ రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే పెట్టెలో ఒకే వేడి తిన్నవి. ఒకటి పోయిందంటే రెండోదాన్నీ అనుమానంగానే చూడండి.

ప్రశ్న: నేను డయాగ్నస్టిక్ సెంటర్‌లో సిస్టమ్స్ చూసుకుంటాను. బ్యాకప్‌కు డబ్బు అడిగితే డాక్టర్ గారు, ‘ఇన్నేళ్లలో ఏం కాలేదుగా, క్లౌడ్‌లో ఉందిగా’ అంటున్నారు. ఎలా ఒప్పించాలి సార్? (నెల్లూరు)

జవాబు: అమ్మా, ఆయన దగ్గర బ్యాకప్ అనే మాటే ఎత్తకు. రెండే ప్రశ్నలు అడుగు. ‘సార్, సోమవారం పొద్దున 7 గంటలకు, ఫాస్టింగ్ శాంపిళ్ల వాళ్లు 40 మంది క్యూలో ఉండగా సర్వర్ పడిపోయింది. రిసెప్షన్ ఎన్ని గంటలు కాగితం మీద నడపగలం? ఇప్పటికే ఇచ్చేసిన రిపోర్టుల్లో ఎంతసేపటివి పోతే పర్వాలేదు?’ ఆయన చెప్పిన రెండు అంకెలూ కాగితం మీద రాసి సంతకం పెట్టించుకో. మా వృత్తిలో వీటికి ఆర్‌టీఓ, ఆర్‌పీఓ అని పేర్లు. ఆయనకవి చెప్పకు, రవాణా ఆఫీసు అనుకుంటారు.

తర్వాత లెక్క చూపించు. మీ డేటా 600 జీబీ అనుకుందాం. మీ లైన్ 50 ఎంబీపీఎస్ అయితే క్లౌడ్ నుంచి వెనక్కి దించడానికి సుమారు 27 గంటలు, అదీ లైను ఒక్కసారీ తెగకుండా ఉంటే. ఆయన ‘రెండు గంటలు’ అని సంతకం పెట్టి ఉంటే మిగతా 25 గంటల సంగతి ఆయనే అడుగుతారు. అప్పుడు చెప్పు: సెంటర్‌లోనే ఒక నాస్ గానీ బ్యాకప్ సర్వర్ గానీ ఉండి, మీ సర్వర్ విడి పెట్టెగా కాక, సాఫ్ట్‌వేర్‌లో సృష్టించిన వర్చువల్ మెషీన్‌గా నడుస్తుంటే, బ్యాకప్ ఫైలు నుంచే నేరుగా నిమిషాల్లో పైకి లేపుకోవచ్చు. కాస్త నెమ్మదిగా నడుస్తుంది, కానీ క్యూ కదులుతుంది. క్లౌడ్ కాపీ బిల్డింగుకే ఏదన్నా అయితే పనికొచ్చేది. దాన్ని కొనేటప్పుడు ఆబ్జెక్ట్ లాక్ ఉందా అని అడుగు. దాన్ని కంప్లయన్స్ అనే కట్టుదిట్టమైన మోడ్‌లో పెడితే, గడువు దాకా, నీ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడినా ఆ కాపీ చెరగదు.

దాడి జరిగితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో తెలపాలన్న 2022 ఏప్రిల్ నాటి ఆదేశం కూడా ఉంది. ఆ మెయిల్ చిరునామా కాగితం మీద రాసి గోడకు అంటించు. ఆ రోజు సిస్టమ్‌లో వెతుక్కోవడానికి సిస్టమ్ ఉండదు.

ప్రశ్న: బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెట్టాం. దాన్ని ఎక్కడ దాచాలి? (కోల్డ్ స్టోరేజ్ మేనేజర్, గుంటూరు)

జవాబు: ముందు ఎక్కడ దాచకూడదో చెబుతాను. ‘పాస్‌వర్డ్స్’ అనే నోట్‌ప్యాడ్ ఫైలుగా సర్వర్ డెస్క్‌టాప్ మీద. నవ్వకండి, మీ ఊళ్లోనే రెండు చోట్ల చూశాను. సర్వర్ పోయిన రోజు ఆ ఫైలూ పోతుంది, బ్యాకప్ మాత్రం తాళం వేసుకుని భద్రంగా మిగులుతుంది. టాలీ డేటాకు తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డ్‌కూ ఇదే. మరిచిపోతే తెరిచే దారి లేదు.

పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాయండి. సున్నాకీ ఇంగ్లీషు ఓకీ తేడా తెలిసేలా సున్నాకు అడ్డగీత పెట్టండి. రెండు కవర్లలో పెట్టి అంటించి, అంటించిన చోట సంతకం చేసి, ఒకటి ఓనరు గారి ఇంటి బీరువాలో, ఒకటి బ్యాంకు లాకర్లో ఉంచండి. కవరు మీద తేదీ రాయండి. పాస్‌వర్డ్ మార్చిన రోజే కవర్లూ మారాలి, పాతవి చించేయాలి. పరీక్ష చేసే ఆదివారం పాస్‌వర్డ్‌ను తెలిసినవాళ్ల నోటి నుంచి కాకుండా కవరు చింపి చూసే కొట్టండి. పోయినేడాది ఒక చోట అలా చింపితే లోపల వైఫై పాస్‌వర్డ్ ఉంది.