పెద్ద క్లబ్బు మూడో టీమా, పక్కనున్న చిన్న క్లబ్బా?

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా పాప 2014 అక్టోబరులో పుట్టింది. ఐదో తరగతి అయిపోవస్తోంది. సాకరంటే ప్రాణం. ఎవరూ చెప్పకుండానే రోజూ స్కూలు నుంచి రాగానే గరాజ్ తలుపుకేసి బంతి కొడుతూ ఉంటుంది. మూడేళ్లుగా ఇంటికి పది నిమిషాల దూరంలోని చిన్న క్లబ్బులో ఒకే కోచ్ దగ్గర ఆడుతోంది. ఈసారి ట్రయౌట్లలో పేరున్న పెద్ద క్లబ్బు వాళ్లు తమ మూడో టీమ్‌లో చోటిస్తామన్నారు. రెండు రోజుల్లో చెప్పమంటే బతిమాలి పది రోజుల గడువు తెచ్చుకున్నాం. ఫీజు 3,400 డాలర్లు, కిట్, టోర్నమెంట్లు అదనం. చిన్న క్లబ్బులో 1,700. పెద్ద క్లబ్బు గ్రౌండ్‌కు సాయంత్రం ట్రాఫిక్‌లో 45 నిమిషాలు. మావారు ‘ఇప్పుడు వెళ్లకపోతే కాలేజీ స్కాలర్‌షిప్ పోయినట్టే’ అంటారు. వెళ్తే కూచిపూడి మానేయాలి. గుంటూరు నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆడపిల్లకు ఎండలో ఆ పరుగులేంటి’ అంటారు. నాలుగు రోజులుగా మా ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. కాదంటే ఆ క్లబ్బు వాళ్లు పాపను మళ్లీ తీసుకోరేమోనని కూడా టెన్షన్. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీ వారి మాట ఉంది, అత్తగారి మాట ఉంది, క్లబ్బు వాళ్ల మాట కూడా ఉంది. పాప ఏమందో మాత్రం ఎక్కడా కనిపించలేదు. ముందు ఆ పని చేయండి. అయితే ‘నీకు ఏ క్లబ్బు కావాలి’ అని మాత్రం అడగకండి. మీరిద్దరూ నాలుగు రోజులుగా మాట్లాడుకోకపోవడం ఆ పిల్ల చూస్తూనే ఉంది. అలా అడిగితే ఎవరికి తక్కువ బాధ కలుగుతుందో లెక్కేసుకుని ఆ జవాబే చెబుతుంది. మీరొక్కరే ఉన్నప్పుడు, జడ వేస్తూనో, కారులో వెళ్తూనో చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. ఏ రోజు ప్రాక్టీస్ బాగా నచ్చింది, ఆ రోజు ఏం చేయించారు, గేమ్‌లో సగం సేపు బెంచ్ మీద కూర్చోవాల్సి వస్తే ఎలా ఉంటుంది, తెలిసినవాళ్లు ఒక్కరూ లేని టీమ్ అంటే భయమా సరదానా అని. జవాబుల మీద వాదించకండి. విని ఊరుకోండి.

ఇక క్లబ్బు సంగతి. మీరు, మీ వారు తెలుగు రాష్ట్రాల్లోనే ఇంటర్ చదివి ఉంటారు కాబట్టి ఈ పోలిక మీకు వెంటనే తెలుస్తుంది. మన కార్పొరేట్ కాలేజీల్లో టీవీ ప్రకటనల్లో కనిపించే ర్యాంకులన్నీ ఒకటి రెండు స్పెషల్ బ్యాచ్‌లవి. మంచి లెక్చరర్లు వాళ్లకే వెళ్తారు. మిగతా సెక్షన్లు కట్టే ఫీజులతో కాలేజీ నడుస్తుంది. బోర్డు మీద పేరు అందరికీ ఒకటే, లోపల దొరికే చదువు వేరు. అమెరికాలో పెద్ద సాకర్ క్లబ్బులన్నీ ఇలాగే ఉంటాయని అనను. కానీ ఒకే వయసులో మూడు నాలుగు టీములు నడిపే చోట మొదటి టీమ్‌కూ మూడో టీమ్‌కూ కోచ్, లీగ్, గ్రౌండ్ టైమింగులు అన్నీ వేరు కావచ్చు. మీ పాప చొక్కా మీద ఆ క్లబ్బు గుర్తు ఉంటుంది. వారానికి మూడు సాయంత్రాలు ఆమెకు ఆట నేర్పేది మాత్రం ఒక మనిషి. ఆ మనిషి ఎవరు? మీ ఉత్తరంలో ఆ పేరు లేదు. అడిగి తెలుసుకోండి. ‘ఇంకా ఖరారు కాలేదు’ అంటే అది కూడా ఒక జవాబే.

తర్వాత అడగాల్సింది రోస్టర్‌లో, అంటే టీమ్ జాబితాలో, ఎంతమంది అని. అండర్ 11, అండర్ 12లలో 9 మంది చొప్పున ఆడే ఆట, గేమ్ మొత్తం 60 నిమిషాలు. టీమ్‌లో 16 మందిని పెట్టుకుంటే ఎప్పుడూ ఏడుగురు బయట కూర్చుంటారు. అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరికి 34 నిమిషాలకు మించి రాదు. 12 మంది ఉన్న టీమ్‌లో 45 వస్తుంది. పైగా గెలుపు ముఖ్యమనుకునే టీములు సమానంగా పంచుతామని మాటివ్వవు. ఈ వయసులో పిల్లలకు ఆట బంతి కాలికి తగిలినప్పుడు వస్తుంది, నీళ్ల బాటిల్ పట్టుకుని చూస్తుంటే రాదు.

ఇవన్నీ ఫోన్‌లో అడిగినదాని కన్నా ఒక్కసారి వెళ్లి చూస్తే బాగా తెలుస్తాయి. రెండు చోట్లా ఒక్కో ప్రాక్టీస్ మొదటి నుంచి చివరి దాకా చూడండి. పాపను వెంట తీసుకెళ్లకండి. మీ వారిని తీసుకెళ్లండి, అదే ముఖ్యం. పిల్లలు వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారా, లేక ఎప్పుడూ కాళ్ల దగ్గర బంతి ఉంటోందా? ఒక పిల్ల పాస్ తప్పుగా ఇచ్చినప్పుడు కోచ్ ఏం చేస్తున్నాడు? అరుస్తున్నాడా, ఆపి చూపిస్తున్నాడా, ఏమీ అనకుండా ఆ పిల్లే సరిదిద్దుకునే దాకా ఆగుతున్నాడా? తప్పు చేసిన పిల్ల వెంటనే ఎవరి ముఖం చూస్తోంది? నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది ఇక్కడే. తప్పు చేయగానే సైడ్‌లైన్ వైపు తిరిగే పిల్లలున్న టీమ్‌లో భయం ఉంది. అలాంటి చోట ఎన్ని కప్పులున్నా నేనైతే పంపను.

ఇద్దరూ కలిసి చూసి వచ్చాక మీ వాదన కూడా కొంచెం మారుతుంది. ఇప్పటిదాకా మీరు ఊహించుకున్న క్లబ్బుల మీద పోట్లాడుకుంటున్నారు.

ఇంకో సంగతి. ఇది మీ వారి తొందరను సగం తగ్గించవచ్చు. ఇన్నాళ్లూ ఇక్కడ సాకర్ వయసు గ్రూపులు జనవరి నుంచి డిసెంబరు దాకా పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉండేవి. అక్టోబరులో పుట్టిన మీ పాప కొందరికన్నా తొమ్మిది, పది నెలలు చిన్నదిగా ఆడుతూ వచ్చింది. 2026-27 సీజన్ నుంచి యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్ సంస్థలు ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్కకు మారుతున్నాయి. పాత లెక్కలో మీ పాప అండర్ 13కు వెళ్లి 11 మంది ఆడే పెద్ద గ్రౌండ్‌లో పడేది. కొత్త లెక్కలో ఇంకో ఏడాది అండర్ 12లో, 9 మంది ఆటలోనే ఉంటుంది. అదీ గ్రూపులో పెద్ద పిల్లల్లో ఒకరిగా, దాదాపు తన క్లాసు పిల్లలతోనే. పదకొండేళ్ల వయసులో పది నెలల తేడా అంటే ఎత్తులో, పరుగులో, బలంలో చాలా తేడా. ట్రయౌట్‌లో ఆమెను కొత్త గ్రూపు పిల్లలతో చూసి మూడో టీమ్ అన్నారా, పాత గ్రూపు పిల్లలతో చూసి అన్నారా? ఇది తప్పకుండా అడగండి. పాత గ్రూపులో చూసి ఉంటే ఆ అంచనా తిరిగి వేయాల్సిందే.

స్కాలర్‌షిప్ గురించి మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 కాలేజీల సాకర్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదని కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ నియమం. మీ పాపకు ఆ తేదీ 2031లో వస్తుంది. ఈసీఎన్‌ఎల్, గర్ల్స్ అకాడమీ లాంటి పెద్ద లీగులు కూడా ప్రధానంగా అండర్ 13 నుంచి మొదలవుతాయి. అంటే మీ పాపకు 2027-28 సీజన్‌లో. డబ్బు సంగతికొస్తే, చాలా ఏళ్లు డివిజన్ 1 మహిళల సాకర్‌లో ఒక కాలేజీకి 14 పూర్తి స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. వాటినే ముక్కలు చేసి టీమ్‌లో చాలామందికి పంచేవారు. 2025-26 నుంచి, ఒక కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఆ పరిమితి పోయి 28 మంది రోస్టర్ పరిమితి వచ్చింది. ఎంత ఇవ్వాలో కాలేజీ ఇష్టం. డివిజన్ 3లోనూ ఐవీ లీగ్‌లోనూ ఆట పేరుతో స్కాలర్‌షిప్పే ఉండదు. రెండు క్లబ్బుల ఫీజుల తేడా ఏడాదికి 1,700 డాలర్లు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఏడేళ్లకు 11,900. పెట్రోలు, హోటల్ గదులు ఇందులో లేవు. కాలేజీ డబ్బు కోసమే అయితే ఆ మొత్తం కాలేజీ చదువుకు దాచుకునే 529 ఖాతాలో వేయడం తేలిక. ఆట కోసమైతే సరే, అప్పుడు ఆట గురించే మాట్లాడుకుందాం.

అలాగని మీ వారిని తప్పు పట్టడం లేదు. ఇంటర్ రెండేళ్లు గ్రౌండ్ ముఖం చూడనివ్వని చోట చదివి వచ్చిన నాన్నలను నేను చాలామందిని చూశాను. తమకు దొరకనిది పిల్లకు దొరుకుతుంటే ఒక్క రోజు కూడా ఆగలేరు. పైగా 2026 వరల్డ్ కప్‌లో తొమ్మిది మ్యాచ్‌లు మీ పక్కనే ఆర్లింగ్టన్‌కు కేటాయించారు. అమెరికా జట్టు ఆటగాళ్లు మెకెన్నీ, పెపీ పెరిగింది మీ ఊళ్లోని ఎఫ్‌సీ డాలస్ అకాడమీలోనే. ఆ జ్వరం మీ ఇంట్లో లేకపోతేనే ఆశ్చర్యం. కాకపోతే వాళ్లు వచ్చింది ప్రొఫెషనల్ క్లబ్బు అబ్బాయిల కోసం నడిపే అకాడమీ దారిలో. మీ ముందున్న మూడో టీమ్ ఆ దారి మీద లేదు.

ఆయనకు ఇంకొక్క మాట. గేమ్ అయ్యాక ఇంటికి వచ్చే కారులో ఆట గురించి మాట్లాడకూడదు. ‘ఆ గోల్ ఎందుకు మిస్ చేశావ్’ అనేదే కాదు, ‘బాగా ఆడావు, కాని’ అనేది కూడా వద్దు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అబ్బాయి బ్యాడ్మింటన్ ఆడే రోజుల్లో నేను స్కూటర్ మీద వెనక్కి తిరిగి తిరిగి వాడికి పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు ‘అమ్మా, నేను బస్సులో వస్తాను’ అన్నాడు. టికెట్ డబ్బులు మిగిలితే మరమరాలు కొనుక్కుంటాడేమో అనుకున్నా. అసలు సంగతి అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

పాప ఒంటి గురించి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పేదేమిటంటే, వారంలో ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకు సెలవు ఉండాలి. దాదాపు 15 ఏళ్ల దాకా ఒకే ఆటకు కట్టుబడకుండా ఉంటే మంచిది. ఆడపిల్లలకు ఎదిగే వయసులో మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ గాయాల ప్రమాదం అబ్బాయిల కన్నా ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ లాంటి వార్మప్ కసరత్తులు గాయాలను తగ్గిస్తాయి. చిన్నపిల్లలకు దాంట్లోనే వేరే రకం ఉంది. మీరు ప్రాక్టీస్ చూడటానికి వెళ్లినప్పుడు మొదటి పదిహేను నిమిషాలు ఏం చేయిస్తున్నారో గమనించండి. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి వదిలేస్తే మార్కులు తీసేయండి. ఒకే ఆటకు కట్టుబడొద్దన్న ఆ లెక్కన కూచిపూడి మాన్పించాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. అరమండిలో నిలబడే కాళ్లు, బ్యాలెన్స్ ఆటకూ పనికొస్తాయి. మీ అత్తయ్యగారికి చెప్పడానికి కూడా ఒక మాట దొరుకుతుంది. ఆవిడతో వాదించకండి. ఆదివారం గేమ్ వీడియో కాల్‌లో చూపించండి. మనవరాలు గోల్ కొడితే ఆవిడే వీధంతా చెప్పుకుంటుంది.

రెండు క్లబ్బుల్లోనూ అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. కోచ్‌లందరికీ పిల్లలను వేధింపుల నుంచి కాపాడే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉన్నాయా? పిల్లలకు కోచ్ పంపే మెసేజ్‌లలో తల్లిదండ్రులు ఉండాలన్న నియమం పాటిస్తున్నారా? ఇది అడగడానికి మొహమాటపడకండి. మంచి క్లబ్బులకు ఈ ప్రశ్న అలవాటే. ఇక ఆఫర్ కాగితం చివరి పేజీ దాకా చదవండి. సంతకం పెడితే మధ్యలో మానేసినా ఏడాది ఫీజంతా కట్టాల్సిందేనని కొన్నిచోట్ల రాసి ఉంటుంది. వీసా, లేఆఫ్‌ల మధ్య బతుకుతున్న ఇళ్లకు ఈ ఒక్క వాక్యం చాలా ముఖ్యం.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ ఏడాదికి చిన్న క్లబ్బు. 45 నిమిషాలు వెళ్లడానికి, 45 రావడానికి, వారానికి మూడు రోజులంటే నాలుగున్నర గంటలు కారులోనే. గరాజ్ తలుపుకేసి బంతి కొట్టే సమయం అందులోనే పోతుంది. ఆ పిల్ల ఆటంతా ఆ తలుపు దగ్గరే పెరిగిందని నాకనిపిస్తోంది. ఒకవేళ ప్రాక్టీస్ చూశాక పెద్ద క్లబ్బు కోచ్ మీ ఇద్దరికీ నచ్చితే, రోస్టర్ చిన్నదైతే, పాప కళ్లలో ఆ ఉత్సాహం కనిపిస్తే నా మాట పక్కన పెట్టి వెళ్లండి. అప్పుడు కూడా ఇది ఏడాదికి తీసుకున్న నిర్ణయమేనని పాప ముందే ఇద్దరూ అనుకోండి. చిన్న క్లబ్బులో ఉంటే మాత్రం ఇప్పటి కోచ్‌ను కలిసి, ఈ ఏడాది పాపకు ఏ రెండు విషయాలు నేర్పుతారో అడగండి. ఆయన దగ్గర జవాబు లేకపోతే మూడేళ్ల పరిచయం ఉన్నా వేరే చోటు చూడాల్సిందే.

కాదంటే మళ్లీ తీసుకోరేమో అన్నారు. ఏటా ట్రయౌట్లు పెట్టుకునే క్లబ్బులకు వచ్చే ఏడాదీ మంచి ఆటగాళ్లు కావాలి. ఫోన్ ఎత్తకుండా మాయమైతేనే చెడ్డపేరు. గడువులోపు ఒక చిన్న ఈమెయిల్ పంపండి. చోటిచ్చినందుకు థాంక్స్, ఈ ఏడాది పాత క్లబ్బులోనే ఉంటోంది, వచ్చే మేలో మళ్లీ వస్తాం అని. మూడు వాక్యాలు చాలు. పాప చేతే రాయించి, పంపే ముందు స్పెల్లింగులు మీ వారిని చూడమనండి.